గోజాడటం కూడా ప్రార్థనే

లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన విధవరాలి ఉపమానం మీద ప్రసంగం విననివాళ్లు మన చర్చిల్లో దాదాపు ఉండరు. దేవునికి భయపడని, మనుషులను లక్ష్యపెట్టని న్యాయాధిపతి ఒకడు, అతని దగ్గరికి పదే పదే వచ్చి నాకు న్యాయం తీర్చమని అడిగే విధవరాలు. చివరికి ఆ పెద్దమనిషే విసిగిపోయి "ఆమె మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు" న్యాయం తీర్చేస్తానంటాడు. ప్రసంగం ఎక్కడ ఆగుతుందో మనకు ముందే తెలుసు. కాబట్టి మీరూ వదలొద్దు, 21 రోజుల ఉపవాసం చాలకపోతే 40 రోజులు ఉండండి, దేవుడు తప్పకుండా ఇస్తాడు, ఆమేన్.

నాకు ఇబ్బంది ఇక్కడే. అలా చెబితే దేవుణ్ణి తీసుకెళ్లి ఆ అన్యాయస్థుడి కుర్చీలో కూర్చోబెట్టినట్టే, ఎన్నిసార్లు తిరిగితే అంత తొందరగా ఫైలు కదిలే ఆఫీసులాగా పరలోకాన్ని చూపించినట్టే. యేసు అన్న మాట వేరు. అలాంటివాడే చివరికి విన్నాడంటే, రాత్రింబగళ్లు మొఱ్ఱపెట్టుకునే తనవాళ్లకు దేవుడు న్యాయం తీర్చడా అని అడిగాడు. అక్కడితో ఆపలేదు కూడా. 8వ వచనం చివర్లో ఉన్న ప్రశ్నని మనం ఎందుకో చదివి వదిలేస్తాం: "మనుష్యకుమారుడు వచ్చునప్పుడు ఆయన భూమి మీద విశ్వాసము కనుగొనునా?" దేవుడు వింటాడా అని మనం అడుగుతుంటే, నేను వచ్చేసరికి మీరింకా అడుగుతూ ఉంటారా అని ఆయన అడుగుతున్నాడు.

మన తెలుగు నేల మీదే దీనికి ఒక ఉదాహరణ ఉంది, ఒంగోలులోని ప్రార్థన కొండ. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు (వాళ్లలో జూలియా ఒకరు) ఆ కొండెక్కి, కింద కనిపిస్తున్న ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ మొదలై 18 ఏళ్లు కావస్తోంది, చేతిలో ఫలం దాదాపు లేదు. దీన్ని మూసేద్దామా అని 1853లోనే అమెరికాలో చర్చ జరిగింది. మ్యాపు మీద ఒంటరిగా ఉన్న ఈ మిషన్‌కి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు కూడా అప్పుడే వచ్చింది.

మర్నాడు ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఆ తర్వాతి ఏడాదీ అంతే. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్, ఒంగోలులో కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది, అంటే 12 ఏళ్లు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఇక 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మనలో చాలామందికి తెలుసు. సండే స్కూల్ నుంచీ వింటున్నాం, కొండ మీద ఐదుగురు, నదిలో 2,222 మంది అని ఒకే ఊపిరిలో చెప్పేస్తారు. మధ్యలో ఉన్న 24 ఏళ్లలో ఆ మొదటి 12 ఏళ్ల గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే అక్కడ చెప్పడానికి పెద్దగా సాక్ష్యం లేదు.

ఇంకొకటి కూడా దాటేస్తాం. ఆ 2,222కి ముందు 1876-78 కరువు ఉంది. క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు, గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గుండ్లకమ్మకు నడిచొచ్చిన ఆ జనం, ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు, ఎంతమంది అయినవాళ్లను పోగొట్టుకుని వచ్చి ఉంటారో ఆలోచించండి. ఆ పోయినవాళ్ల కోసం ఎవరూ ప్రార్థన చేయలేదా? చేసే ఉంటారు. ఒకే ప్రాంతంలో, ఆ ఒకటి రెండేళ్లలోనే ఒక ప్రార్థనకు జవాబొచ్చింది, ఎన్నో ప్రార్థనలకు రాలేదు. దీనికి లెక్క చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు కొంచెం భయం.

అందుకే జవాబు రానివాళ్లతో "నీ విశ్వాసం చాలలేదేమో", "దాచుకున్న పాపం ఏమైనా ఉందేమో చూసుకో" అనే మాటలు దయచేసి ఆపేద్దాం. ఐసీయూ బయట కూర్చున్న ఇల్లాలితో, పెళ్లై పదేళ్లైనా పిల్లలు లేరని ప్రతి ఫంక్షన్‌లో మాటలు పడే అమ్మాయితో ఈ మాట అనడానికి నోరెలా వస్తుందో నాకైతే తెలియదు. అన్నీ పోగొట్టుకుని కూర్చున్న యోబుతో అతని స్నేహితులు అచ్చం ఇదే పని చేశారు, చివర్లో దేవుడు కోప్పడింది వాళ్లమీదే.

జవాబు రానప్పుడు బైబిల్లో జనం ఎలా ప్రార్థించారో చూడండి, మనంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదు. హబక్కూకు ప్రవక్త మొదలుపెట్టడమే "యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" అని. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగిసిపోతుంది, చివర్లో 'అయినను నేను స్తుతించెదను' అనే మాట కూడా లేదు. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, కీర్తనల్లోనే ఉంచారు, పాడారు కూడా. కాబట్టి ఈ రాత్రి మీకు స్తోత్రం చెప్పే ఓపిక లేకపోతే అది చదవండి. ఆయన మీద కోపం వస్తే ఆ కోపం ఆయనకే చెప్పండి, టెన్షన్ పడొద్దు, ఆయన వినని మాటేం కాదది. ఆ విధవరాలు కూడా న్యాయాధిపతిని పొగిడినట్టు ఎక్కడా లేదు, తన మాట తాను చెప్పుకుంది.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో, ఈ శ్రమల గిన్నె నా నుంచి తొలగించమని యేసు కూడా మూడుసార్లు "ఆ మాటలే" చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు. అడిగిందే అడగటం అవిశ్వాసం అనేవాళ్లకు ఇది చూపించాలి. ఆ గిన్నె తొలగిపోలేదు. తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబొచ్చింది, ముల్లు మాత్రం ఉండిపోయింది.

బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి, యాజకుడైన జెకర్యా సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. "నీ ప్రార్థన వినబడినది" అని దూత చెబితే ఆయనే నమ్మలేదు, నేను ముసలివాణ్ణి కదా అన్నాడు. బహుశా బిడ్డ కోసం అడగటం ఏళ్ల క్రితమే మానేసి ఉంటాడు. అయినా తన వంతు వచ్చినప్పుడు వెళ్లి ధూపం వేస్తూనే ఉన్నాడు. తాను వదిలేసిన ప్రార్థనను దేవుడు వదల్లేదు. ఒంట్లో ఓపిక, నోట్లో మాట లేనివాళ్లకు ఇది చాలు అనిపిస్తుంది నాకు. మీరు అడగలేకపోతున్న విషయాన్ని ఇంకొకరికి అప్పగించండి, కొన్నాళ్లు మీ బదులు వాళ్లు అడుగుతారు.

పాస్టర్లకు ఒక విన్నపం. ఆదివారం సాక్ష్యాల సమయంలో వీసా వచ్చినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు లేస్తారు, సంతోషమే. వాళ్లయ్యాక ఒక్కసారి "ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు ఎవరైనా మాట్లాడతారా" అని కూడా అడగండి. జవాబు లేకుండానే వారం వారం వచ్చి అదే బెంచీ మీద కూర్చునేవాళ్లకు చెప్పాల్సింది చాలా ఉంది, వాళ్లను మనం ఇంతవరకు అడగలేదంతే.