చంద్రుని అంచున ఊదా గీత

సాయంత్రానికి మబ్బు విడిపోవడంతో, వారం రోజులుగా వాయిదా పడుతున్న దూరదర్శిని తయారీకి ఈ రోజు కూర్చున్నాను. ప్లస్ ఒకటి పవరున్న కళ్లద్దపు కటకాన్ని, అంటే దూరం నుంచి వచ్చే కిరణాలను 100 సెంటీమీటర్ల అవతల ఒకచోట చేర్చేదాన్ని (ఆ దూరమే నాభ్యంతరం), అట్ట గొట్టం కొసకు బిగించి, ఇవతలి కొసన అక్షికటకాలను, అంటే కంటి దగ్గర పెట్టే కటకాలను, మార్చి మార్చి చంద్రుణ్ణి చూశాను.

మొదట 10 సెంటీమీటర్ల నాభ్యంతరం గల పుటాకార కటకాన్ని 90 సెంటీమీటర్ల దూరంలో పెట్టాను. 1609లో గెలీలియో వాడిన అమరిక ఇదే. దగ్గరవుతూ వచ్చే కిరణాలు ఒకచోట కలవకముందే ఈ కటకం వాటిని సమాంతరం చేస్తుంది కనుక చంద్రుడు నిటారుగా, పదిరెట్లు పెద్దగా కనిపించాడు. అయితే కనబడే మేర చాలా ఇరుకు. చంద్రుణ్ణి వెతికి పట్టుకోవడానికే ఎంతోసేపు పట్టింది. ఇటువంటి సందులోంచే 1610 జనవరిలో గురుగ్రహపు ఉపగ్రహాలను గుర్తించిన ఆ మనిషి ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

తరువాత 5 సెంటీమీటర్ల నాభ్యంతరం గల భూతద్దాన్ని 105 సెంటీమీటర్ల దూరంలో అమర్చాను. 1611లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ వివరించిన ఈ పద్ధతిలో కిరణాలు గొట్టంలోనే కలిసి, ఒకదాన్నొకటి దాటి, ఆపైన అక్షికటకాన్ని చేరతాయి. బొమ్మ తలకిందులైంది, కానీ ఇరవైరెట్లు పెరిగింది, చుట్టూ చోటూ విశాలమైంది. ప్రతిబింబం గొట్టం లోపలే ఏర్పడుతుంది కాబట్టి అక్కడ సన్నని దారం బిగిస్తే నక్షత్రాల స్థానాలను కొలవవచ్చు. నా దృష్టిలో అసలు లాభం అదే.

రెండింటిలోనూ చంద్రుని వెలుగు అంచున ఊదా గీత ఒకటి అంటుకునే ఉంది. గాజు నీలాన్ని ఎరుపు కంటే ఎక్కువగా వంచుతుంది కనుక అన్ని రంగులూ ఒకే బిందువు దగ్గర కలవవు. నాభ్యంతరం పెంచితే ఈ దోషం తగ్గుతుందని 17వ శతాబ్దంలో గొట్టాలను పొడిగిస్తూ పోయారు; ఖగోళ శాస్త్రజ్ఞుడు హెవీలియస్ దూరదర్శిని పొడవు సుమారు 46 మీటర్లు. 1758లో లండన్ కటకాల తయారీదారు డాలండ్ పేటెంటు పొందిన జంట కటకంలో క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులు వాడతారు; క్రౌన్ గాజు కుంభాకారమూ, ఫ్లింట్ గాజు పుటాకారమూ కలిసి ఒకదాని రంగుల చెదురును మరొకటి సరిచేస్తాయి. అటువంటి కటకమున్న చిన్న దూరదర్శినిని పక్కనే నిలబెట్టి చూస్తే గీత దాదాపు మాయమైంది.

చివరకు అట్టముక్కకు 2 సెంటీమీటర్ల రంధ్రం చేసి నా కళ్లద్దపు కటకానికి అడ్డం పెట్టాను. చంద్రుడు మసకబారాడు, ఊదా గీత వెంట్రుకంత సన్నబడింది, బిలాల అంచులు మాత్రం మునుపటి కంటే తేటగా కనిపించాయి.