సెల్లార్‌లో ఆయిలు

పొద్దున జరిగిన దానికి ఈ వేళప్పుడు కూడా ఇంత కోపంగా ఉంటుందని అనుకోలేదు. మా ఆయన సంగతి మీకు తెలిసిందే. ఆదివారం వస్తే పాత లుంగీ, పానాల పెట్టె, సెల్లార్. ఈసారి ఇంజిన్ ఆయిలు తనే మారుస్తానని నిన్న సాయంత్రమే ఆటోనగర్ వెళ్ళి ఆయిలు డబ్బా, ఫిల్టరు తెచ్చుకున్నారు.

పాత ఆయిలు దించారు, పాత ఫిల్టరు ఊడదీశారు, కొత్తది బిగించారు, మూడు లీటర్లకు కాస్త తక్కువగా ఆయిలు పోశారు. అంతా అయిందనుకుని స్టార్ట్ చేయగానే కింద నుంచి ఆయిలు ధార కట్టింది. వెంటనే ఆపేశారు గానీ అప్పటికే అది పక్క కారు టైరు కింద దాకా పాకింది. వాచ్‌మన్ పరిగెత్తుకెళ్ళి ఇసుక తెచ్చి పోశాడు. అందరూ పాలకీ టిఫిన్లకీ కిందికి దిగే వేళ కావడంతో చుట్టూ జనం. వాళ్ళలో ఎవరో ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతుల దాకా మసితో, తల పైకెత్తి ఎవరికో ఏదో చెబుతున్నట్టు ఉన్నారు అందులో. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. "కేజీ బేసిన్ మన సెల్లార్‌లోనే ఉందన్నమాట" అని ఒకరు. దానికి మళ్ళీ నవ్వులు. చిన్నాడు నా ఫోన్‌లో అది చూసి, "నాన్నని ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అసలు జరిగింది ఎంత చిన్న విషయమో వాళ్ళలో ఎవరికైనా తెలుసా? ఆయిలు ఫిల్టరు మూతికి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. పాత ఫిల్టరు విప్పినప్పుడు ఒక్కోసారి ఆ రింగు దాంతో పాటు రాకుండా ఇంజిన్‌కే అతుక్కుపోతుంది. అది చూసుకోకుండా కొత్త ఫిల్టరు బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. చేతికి బిగువుగానే తగులుతుంది కాబట్టి అనుమానం రాదు. ఇంజిన్ తిరిగి పంపు ఆయిలుని ఒత్తిడితో తోసేసరికి పై రింగు పక్కకి జారిపోతుంది, ఆయిలంతా బయటికి. చేయి తిరిగిన మెకానిక్కులకు కూడా ఇది జరుగుతుంది. తేడా ఏమిటంటే వాళ్ళది షెడ్డు లోపల జరుగుతుంది, మనం ఏసీ గదిలో కూర్చుని టీ తాగుతూ ఉంటాం. రెండేళ్ళ క్రితం ఒక సర్వీస్ సెంటర్‌లో మా కారు ఆయిలు దించే డ్రెయిన్ బోల్టుని మర పోయేదాకా బిగించేసి, ఆ ముక్క మాకు చెప్పకుండా బండి అప్పగించారు. అప్పుడు ఎవరూ ఫొటో తీయలేదు, ఎవరూ నవ్వలేదు, బిల్లు మాత్రం పూర్తిగా కట్టాం. సొంత చేతులతో చేసుకునే మనిషి పొరపాటే అందరికీ కనిపిస్తుంది.

ఇక్కడే నాకు మా నాన్న గుర్తొచ్చారు. నిజం చెప్పాలంటే పొద్దున్నుంచీ ఆయనే గుర్తొస్తున్నారు.

గుడివాడలో ఉండగా నాన్న సెకండ్ హ్యాండ్‌లో మారుతి 800 కొన్నారు. మా వీధిలో అదే మొదటి కారు. బ్యాంకు నుంచి రాగానే బానెట్ ఎత్తేవారు, ఏమీ చేయకపోయినా ఊరికే లోపలికి చూస్తూ నిలబడేవారు. అత్త కూతురి నిశ్చితార్థానికి తెనాలి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే లేచి ప్లగ్గులు శుభ్రం చేస్తానని కూర్చున్నారు. మూడు సిలిండర్ల ఇంజిన్, మూడు ప్లగ్గులు, ప్లగ్గులకు వంతుల వారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి మూడు వైర్లు. మూడూ ఒకేసారి పీకేసి, గరుకు కాగితంతో మసి రుద్ది, గ్యాపు చూసి, చక్కగా బిగించారు. అమ్మా నేనూ పట్టుబట్టలు కట్టుకుని కూర్చున్నాం, మావయ్య ముందు సీట్లో. తాళం తిప్పితే బండి దడదడా ఊగిపోయి, తుపాకీ పేలినట్టు శబ్దం చేసి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. వీధిలో వాళ్ళంతా అరుగుల మీదికి వచ్చేశారు. మెకానిక్ లూనా మీద వచ్చి, ఒక్కసారి చూసి, రెండు వైర్లు అటుదిటూ ఇటుదటూ మార్చాడు. ఒకటి, మూడు, రెండు, ఆ వరసలోనే ఆ ఇంజిన్‌లో మంట పడాలి. రెండు వైర్లు తారుమారైతే చాలు, ఒక సిలిండర్‌లో పడాల్సిన నిప్పు ఇంకో దాంట్లో పడుతుంది. ఆ మెకానిక్ డబ్బులు కూడా తీసుకోలేదు. మావయ్య అయితే తెనాలిలో భోజనాల దగ్గర, విన్నవాళ్ళకీ విననివాళ్ళకీ, ఆ కథ చెప్పి నవ్వించాడు. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ప్రతి పెళ్ళిలోనూ చెప్పాడు. నాన్న కూడా వాళ్ళతో పాటు నవ్వేవారు. కానీ మళ్ళీ బానెట్ ఎత్తలేదు. వైపర్ నీళ్ళు పోయడానికి కూడా మెకానిక్కునే పిలిచేవారు.

ఇది రాస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ మెకానిక్ వెళ్ళేముందు, "ఒక్కో ప్లగ్గే తీయండి సార్, దాని వైరు దానికి పెట్టేశాకే రెండోది తీయండి" అన్నాడు. ఎంత మంచి మాట. ఆ ఒక్కటి పాటిస్తే మళ్ళీ ఎప్పుడూ తప్పు జరగదు. కానీ అప్పటికే మావయ్య నవ్వుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు, నాన్న చెవికి అది ఎక్కి ఉండదు.

ఆగండి. అలా అయితే నేను పొద్దున చేసింది ఏమిటి?

మూడో అంతస్తు మాస్టారిని కూడా ఆ నవ్వినవాళ్ళ లెక్కలోనే వేసేశాను. ఈ టపా మొదలుపెట్టినప్పుడు ఆయన మీద కూడా నాలుగు మాటలు రాద్దామనే ఉంది. ఎందుకంటే ఆయిలు కారక ముందు, బండి జాకీ మీద ఉండగా మా ఆయన కిందికి దూరితే, మాస్టారు సెల్లార్ అంతా వినపడేలా కేకలేశారు. "ఏమయ్యా, పిల్లాడు గలవాడివి, బయటికి రా ముందు!" అని. చిన్నాడి ముందు అలా అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. కానీ కారుతో ఇచ్చే ఆ జాకీ టైరు మార్చడానికే, దాని మీద ఎత్తిన బండి కిందికి దూరకూడదని కారు పుస్తకంలోనే ఉంటుంది. మా సెల్లార్ నేల కొంచెం వాలు. చక్రాలకి అడ్డు ఇటుక కూడా పెట్టలేదు. ఆయిలు కారితే ఇసుకతో పోయింది. జాకీ జారి ఉంటే? ఇప్పుడు తలచుకుంటే చేతులు చల్లబడుతున్నాయి. ఫొటో తీసినవాళ్ళలో ఒక్కరూ ఆ మాట అనలేదు. మాస్టారు అన్నారు, నేను ఆయన్ని చూసి మొహం తిప్పుకుని పైకి వచ్చేశాను.

ఇంకోటి చెప్పడం మరిచిపోయాను. మధ్యాహ్నం ఆ పాత రింగు గీకి తీసేసి, కొత్త రింగుకి వేలితో కాస్త ఆయిలు రాసి, ఫిల్టరు ఆనాక ముప్పావు చుట్టు తిప్పి బిగించారు. సాయంత్రం చిన్నాడితో బెంజి సర్కిల్ దాకా వెళ్ళొచ్చారు. చిన్నాడు బండి కింద అట్ట పరిచి చూశాడు, ఒక్క చుక్క లేదు.

ఫొటో విషయంలో నా కోపం తగ్గలేదు, తీసేయమని రేపు గ్రూపులోనే అడుగుతాను. మాస్టారింటికి మాత్రం నేనే వెళ్తాను. బండి కింద పెట్టే ఇనప స్టాండ్లు ఆటోనగర్‌లో దొరుకుతాయట, జత కొనమని మా ఆయనకి చెప్పాను. అవి ఇంటికి వచ్చేదాకా జాకీ నా బీరువాలో ఉంటుంది. ఆయనకి నచ్చలేదు, అయినా ఒప్పుకున్నారు.