పావుగంట

జీడిమెట్లలో ఓ బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్ట్‌గా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. మే నెల, బి షిఫ్ట్. పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 అయితే రెండూ కాదు) 12కి తేవాలని రియాక్టర్‌లోకి కాస్టిక్ లై ఎక్కించాం. లై అంటే ఇంచుమించు సగం నీళ్ళు, సగం సోడియం హైడ్రాక్సైడ్. వేలికి తగిలితే సబ్బులా జారుతుంది. నిజానికి అప్పుడు సబ్బవుతున్నది మన చర్మంలోని కొవ్వే. ఇదంతా ఎమ్మెస్సీలో చదువుకున్నవాణ్ణే.

లై ఎక్కించడం అయిపోయింది కదాని హోస్ కప్లింగ్ విప్పాను. లైన్‌లో ప్రెషర్ ఇంకా మిగిలే ఉంది. గాగుల్స్ ఉన్నాయి, నుదుటి మీద. ఆ ఉక్కపోతకి రెండు నిమిషాలకోసారి మసకేస్తుంటే పైకి నెట్టుకున్నాను. సేఫ్టీ ఆఫీసర్ వస్తే దించడం, పోతే ఎత్తడం మా షెడ్డులో అందరికీ అలవాటే.

కుడికంట్లో ఏదో జిగటగా తగిలింది. ఆ వెంటనే మంట. రెప్ప దానంతటదే బిగుసుకుపోయింది.

మా ఆపరేటర్‌ది శ్రీకాకుళం వైపు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దయినా నన్ను సార్ అనే పిలుస్తాడు. ఆ రోజు సారూ లేదు, గీరూ లేదు. మెడ పట్టుకుని ఈడ్చుకెళ్ళి ఐవాష్ (కళ్ళు కడిగే కుళాయి) మీదికి వంచేశాడు. పెడల్ తొక్కితే ముందు తుప్పునీళ్ళు వచ్చాయి, అవీ ఎండకి కాగిన పైపులోంచి వేడివేడిగా. దాన్ని తిప్పి ఎన్ని వారాలైందో! వారానికోసారి తిప్పి చూడాలని పక్కనే చెక్‌లిస్ట్ వేలాడుతుంటుంది. ప్రతి సోమవారం టిక్కు, పక్కన సంతకం. అందులో కొన్ని సంతకాలు నావే.

"కన్ను తెరు బాబూ, మూసీకు" అంటూ రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకున్నాడు. కనుగుడ్డు పైకీ కిందికీ, పక్కలకీ తిప్పమంటాడు. తిప్పితేనే రెప్పల మడతల్లో ఇరుక్కున్నది బయటికొస్తుంది.

మూడో నిమిషానికే జనం పోగయ్యారు. షిఫ్ట్ ఇన్‌చార్జి కారు తెచ్చి "చాల్లే, హాస్పిటల్‌కి పోదాం పట్టండి" అంటున్నాడు. ఒకరు ల్యాబ్ నుంచి బోరిక్ యాసిడ్ తెస్తానన్నారు, కాస్టిక్‌కి విరుగుడని. ఇంకెవరో నిమ్మకాయ అన్నారు. అందరిదీ ప్రేమే. నేనూ కారెక్కాలనే గింజుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు కొట్టించుకుంటూ ఉత్తినే నిలబడ్డం ఏ వైద్యంలా అనిపిస్తుంది?

"పావుగంటయ్యేదాకా ఈయన్ని కదిపితే ఊరుకోను" అన్నాడు ఆపరేటర్. హెల్పర్ కుర్రాడి చేతికి ఫోనిచ్చి టైం చూడమన్నాడు. ఏడు... ఎనిమిది... అని వాడు చదువుతుంటే ఒక్కో నిమిషం ఎంత పొడుగో తెలిసింది.

యాసిడ్ పడితే కంటి పైపొర విరిగిన పాలలా గట్టిపడి, లోపలికి పోకుండా కొంతవరకు తానే అడ్డం పడుతుంది. కాస్టిక్‌కి ఆ అడ్డూ ఉండదు, కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. విరుగుడని యాసిడ్ పోస్తే రెండూ కలిసి వేడి పుడుతుంది. కంటాసుపత్రికి అరగంట దారి. మూడో నిమిషంలో కారెక్కి ఉంటే ఆ అరగంటా అది తన పని తాను చేసుకుపోయేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎలా జరిగిందని అడగలేదు. "ఏం కెమికల్? ఎంత పర్సెంట్? ఎన్ని నిమిషాలు కడిగారు?" ఇవే ఆమె మొదటి మాటలు. డ్రమ్ము లేబుల్‌ని ఆపరేటరే ఫొటో తీసి పంపాడు, 48 శాతం. ఆమె కంటి మూలన పీహెచ్ పేపర్ ముక్క ఆనించింది. అంత కడిగాక కూడా 9! మత్తు చుక్కలు వేసి, పైరెప్ప తిరగేసి, డ్రిప్ ట్యూబుతో సెలైన్ పట్టింది. 7కి వచ్చాక పది నిమిషాలాగి మళ్ళీ పేపర్ పెట్టి చూసింది, లోపల దాగినదేమైనా ఊరుతోందేమోనని. తర్వాత రంగు తగిలించి నీలం లైటు వేస్తే నల్లగుడ్డు కింది భాగంలో దెబ్బ తిన్నంత మేరా పచ్చగా వెలిగిందట. చుక్కల మందులతో ఆరో రోజుకి మానింది. సెలవు రోజులకి ఈఎస్ఐ నుంచి జీతంలో 90 శాతం లెక్కన వచ్చింది, ఆలస్యంగానే అనుకోండి.

కంపెనీ రిపోర్ట్‌లో కారణం: గాగుల్స్ ధరించకపోవడం. తీసుకున్న చర్య: ట్రైనింగ్. రెండూ అబద్ధాలేం కావు. హోస్ విప్పే ముందు ప్రెషర్ వదలడానికి ఆ లైన్‌కి డ్రెయిన్ వాల్వే లేదన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. ట్రైనింగ్ షీట్ మీద నేనూ సంతకం చేశాను.

డ్యూటీలో చేరాక మొదటి సోమవారం చెక్‌లిస్ట్ నా వంతుకొచ్చింది. పెడల్ తొక్కి, నీళ్ళు తేటపడేదాకా కాలు తీయలేదు. నాలుగు నిమిషాలు పట్టింది. అటుగా పోతున్న ఆపరేటర్ ఆగి చూసి, "ఇంక చాలు సార్, ట్యాంక్ ఖాళీ అయిపోద్ది" అన్నాడు.