ఎగరకపోయినా పెరిగే పగులు

విమానం రెక్కలో ఫెటీగ్ పగులు, అంటే మళ్లీ మళ్లీ పడే భారానికి లోహం అలసి వచ్చే పగులు, ఎగిరిన సర్వీసుల లెక్కన పెరుగుతుంది. లాగుడూ తుప్పూ కలిసి పుట్టించే స్ట్రెస్ కొరోజన్ పగులుకు ఆ లెక్కతో పని లేదు, ఏడాదిగా ఎండకూ వానకూ నిలబెట్టిన విమానంలోనూ అది ముందుకు పోతూనే ఉంటుంది. అందుకే పాత విమానం తనిఖీకి వస్తే ఫ్లైట్ సైకిళ్ల (ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్క) కంటే ముందు ఆ రెక్క ఏ ఏడాది తయారైందో, ఎన్నాళ్లు ఏ ఊళ్లో పార్క్ చేశారో చూడాలి. ఎయిర్‌బస్ ఏ380 బయటి వెనుక స్పార్‌లో (రెక్క పొడవునా ఉండే దూలం) పగుళ్లు కనబడ్డాక 2019లో యూరప్ విమాన భద్రతా సంస్థ పెట్టిన తనిఖీ గడువు కూడా రెక్క పెట్టె బిగించిన తేదీ నుంచే లెక్క.

లొంగే లోహం, వదలకుండా లాగే బలం, తేమ. ఈ మూడూ కలిస్తేనే ఈ పగులు పుడుతుంది. 1950, 60ల నాటి జెట్‌లలో 7079-టీ6, 7075-టీ6 అల్యూమినియం మిశ్రమాల మందపాటి ఫోర్జింగులు (అచ్చులో నొక్కి మలిచిన భాగాలు) బాగా లొంగే రకం. మందం దిశలో లాగితే లోహపు రేణువులు హద్దుల వెంబడి విడిపోతాయి. ఆ లాగుడు గాల్లోంచే రానక్కర్లేదు. రంధ్రంలో బిగువుగా దింపిన బుష్ (లోహపు గొట్టం తొడుగు) గానీ, షిమ్ (సందు పూడ్చే పల్చటి రేకు) వేయకుండా బోల్టుతో లాగి మూసిన సందు గానీ చాలు.

కాబట్టి వెనుక స్పార్ కార్డులు (స్పార్ పై, కింది అంచు పట్టీలు), ల్యాండింగ్ గేర్ ఫిట్టింగుల బుష్ రంధ్రాలు, ఫోర్జింగ్ పార్టింగ్ లైన్ (అచ్చు రెండు సగాలు కలిసిన గీత) ముందు చూడాలి. భాగం ఏ టెంపర్‌దో (టీ6, టీ73 లాంటి వేడి చికిత్స రకం) అనుమానముంటే విద్యుత్ వాహకత కొలిచే కండక్టివిటీ మీటరు పెట్టండి. 7075-టీ6 అయితే రాగి వాహకతలో దాదాపు 33 శాతం, టీ73 అయితే 38 పైన చూపిస్తుంది. టీ73కి బలం కాస్త తక్కువే, కానీ ఈ జబ్బుకు అంత తేలిగ్గా లొంగదు.

తనిఖీకి ముందు సీలెంట్ (తేమ దూరకుండా పూసిన పూత) ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనే తీయాలి. ఎమెరీ కాగితం మాత్రం ముట్టుకోవద్దు. మెత్తటి అల్యూమినియం సాగి పగులు నోరు మూసుకుపోతుంది, పగులును చూపించే పెనెట్రంట్ రంగు ద్రవం దిగదు, చెడ్డ భాగం మంచిదై పాసైపోతుంది. పెయింట్ పల్చగా, గట్టిగా అంటుకుని ఉంటే దాని మీదే హై ఫ్రీక్వెన్సీ ఎడ్డీ కరెంట్ ప్రోబ్ (లోహంలో సుడి కరెంటు పుట్టించి పగులు పసిగట్టే సాధనం) నడపొచ్చు. అయితే ముందు అదే రకం మిశ్రమపు రిఫరెన్స్ బ్లాకు (కొలత గాటు ఉన్న నమూనా ముక్క) మీద, మాన్యువల్ చెప్పిన గాటుకు సెట్ చేసుకోవాలి. అంచు దగ్గరా స్టీలు బోల్టు దగ్గరా సిగ్నల్ ఊరికే లేస్తుంది. గైడ్ ఆనించి అంచుకు ఒకే దూరంలో నడిపితే ఆ గోల తగ్గుతుంది, పగులు దగ్గర మాత్రం సిగ్నల్ చటుక్కున లేచి పడుతుంది. బుష్ అంచు చుట్టూ పెయింట్ వెంట్రుకవాసి గీతలా విడినా, పొరలు పొరలుగా ఉబ్బినా బుష్ పీకి రంధ్రం లోపల చూడాల్సిందే.

పగులు కొసన రంధ్రం వేసి ఆపుదామనుకోవద్దు. ఇది కొమ్మలుగా చీలుతుంది, లాగే బలం అక్కడే ఉంటుంది. లోతు తక్కువైతే రిపేర్ మాన్యువల్ హద్దుల్లో నునుపుగా తొలిచి, మళ్లీ ఎడ్డీ కరెంట్ పెట్టి, షాట్ పీనింగ్ (చిన్న గుళ్లతో కొట్టి ఉపరితలాన్ని నొక్కడం) చేయాలి. హద్దు దాటితే టీ73 భాగం వేయాలి. కొత్త బుష్‌ను సీలెంట్ పూసి తడిగానే దింపండి, సందుంటే షిమ్ వేశాకే బోల్టు బిగించండి.