సావనదుర్గం పక్కన ఒక రాత్రి: టార్ప్‌కి ఏ తాడు, ఎక్కడ ఎలా కట్టాలి

బెంగళూరు నుంచి మాగడి రోడ్డు పట్టుకుని పడమరగా వెళ్తే రెండు గంటల్లోపే సావనదుర్గం కనబడుతుంది. సముద్రమట్టానికి 1,226 మీటర్ల ఎత్తున ఒకే గ్రానైటు గుండు. నల్లగా ఉన్న భాగాన్ని కరిగుడ్డ అనీ, తెల్లగా ఉన్నదాన్ని బిళిగుడ్డ అనీ అక్కడివాళ్లు అంటారు. కొండ చుట్టూ ఉన్నది అటవీ శాఖ అడవి కాబట్టి అక్కడ బస చేయకూడదు. మేం ముగ్గురం కొండకి కాస్త దూరంలో ఒక మామిడితోటలో, యజమానిని అడిగి మకాం పెట్టాం. అక్టోబరు నెల, సాయంత్రమైతే ఉరుములతో వాన పడే రోజులు. టెంటు తీసుకెళ్లలేదు. పైన కప్పుగా కట్టుకునే 3 మీటర్ల చదరపు నైలాన్ బట్ట (టార్ప్), కింద పట్టా, మధ్యలో దోమతెర, అంతే.

టార్ప్ కొనేటప్పుడు బట్ట బరువు గురించి గంటలు గంటలు ఆలోచించేవాళ్లు తాళ్ల బరువు చూడరు. మారతహళ్లిలో బయల్దేరే ముందు రోజు రాత్రి వంటింటి త్రాసు మీద తూచి చూశాం. అందరూ వాడే 4 మిల్లీమీటర్ల పారాకార్డ్ (పారాచూట్ రకం నైలాన్ తాడు) మీటరుకి సుమారు 7 గ్రాములు తూగింది. డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ పోగుల మీద పాలిస్టర్ అల్లిక ఉన్న 2 మిల్లీమీటర్ల తాడు రెండున్నర గ్రాములు. మా టార్ప్‌కి కావలసింది 23 మీటర్లు. అంటే మొదటిదైతే 160 గ్రాములు, రెండోదైతే 60 లోపే. టార్ప్ బట్టే అర కిలో ఉన్నప్పుడు, దాంట్లో మూడో వంతు బరువు తాళ్లకే పోవడం దండగ.

అంత సన్నతాడు గాలికి ఆగుతుందా అని ప్రతివాళ్లూ అడుగుతారు. లెక్క వేసుకోవచ్చు. గంటకి 40 కిలోమీటర్ల గాలి నిటారుగా తగిలితే చదరపు మీటరుకి దాదాపు 8 కిలోల ఒత్తిడి పడుతుంది. టార్ప్ ఒక వాలు నాలుగున్నర చదరపు మీటర్లు, కాబట్టి మొత్తం 35 కిలోలు. గాలి 60కి పెరిగితే అదే 78 కిలోలవుతుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఈ బరువు మూడు నాలుగు తాళ్ల మీద పంచుకుంటుంది. ముడి వేసినచోట తాడు బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుందని తీసేసినా, 100 కిలోలకి పైగా మోసే తాడుకి ఇది పెద్ద భారం కాదు. పారాకార్డ్ 250 కిలోలు మోస్తుంది నిజమే, కానీ అంతకంటే చాలా ముందే మేకు ఊడి వస్తుంది. సన్నతాడు నడుమ తెగడం అరుదు. దాని కష్టమంతా చివర్లలోనే: టార్ప్ చెవి (తాడు కట్టడానికి అంచున ఉండే ఉచ్చు) దగ్గర, బిగించే చోట, మేకు దగ్గర, రాయి అంచు మీద.

కె.ఆర్. మార్కెట్ వైపు తాళ్ల అంగళ్లలో కిలో లెక్కన దొరికే నైలాన్ తాడు బట్టలు ఆరేయడానికి బాగుంటుంది, దీనికి మాత్రం వద్దు. నైలాన్ తడిస్తే సాగుతుంది, బలం కూడా కొంత పోతుంది. మెరిసే పాలీప్రొపిలీన్ తాడు గట్టిగా బిర్రుగా ఉండి ముడి నిలవదు, ఎండకి పెళుసెక్కుతుంది. పాలిస్టర్ సాగదు, నీళ్లు పీల్చదు, ధర తక్కువ. బడ్జెట్ బిగువుగా ఉంటే రెండు మిల్లీమీటర్ల పాలిస్టర్ అల్లికతాడే కొనండి, నిస్సంకోచంగా. డైనీమా అసలు సాగదు, బరువుకి మించిన బలం. కానీ నున్నగా ఉంటుంది, 145 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. ఒక తాడు మీద ఇంకో తాడుని సర్రున లాగితే పుట్టే వేడికే అది దెబ్బ తినొచ్చు. పైన పాలిస్టర్ తొడుగు ఉన్నది కొంటే ముడీ నిలుస్తుంది, రాపిడీ తట్టుకుంటుంది.

ఇంకా సన్నగా, 1.3 మిల్లీమీటర్లలో కూడా వస్తుంది. దాన్ని మూలతాళ్లకి వాడొద్దని నా గట్టి మాట. చలికి బిగుసుకున్న వేళ్లతో విప్పలేం, చిక్కుపడితే దారపు ఉండ అయిపోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా తాడుని లాగి బిగించుకునే ప్లాస్టిక్ బిళ్లలో జారిపోతుంది. ఆ బిళ్లలు ఎక్కువగా 2 నుంచి 3 మిల్లీమీటర్ల తాడు కోసం చేసినవి. మాలో ఒకరు ఒక మూలకి ఈ సన్నదాన్నే కట్టారు. దాని సంగతి కాసేపట్లో.

పొడవు విషయంలో ఒక కొలత చాలు. తాడు నేలకి 45 డిగ్రీల్లో దిగాలంటే టార్ప్ చెవి ఎంత ఎత్తులో ఉందో మేకు అంత దూరంలో ఉండాలి. అప్పుడు తాడు పొడవు ఎత్తుకి 1.4 రెట్లు. మూల 1.2 మీటర్ల ఎత్తున ఉంటే 1.7 మీటర్లు, ముళ్లకీ సర్దుబాటుకీ ఇంకో అర మీటరు. కాబట్టి మూలలకి 2.2 మీటర్లవి నాలుగు, పక్కల మధ్యకి 2 మీటర్లవి రెండు, రెండు చెట్ల మధ్య కట్టి టార్ప్‌ని మోసే వెన్నుతాడు 10 మీటర్లు. పొట్టి తాడుతో మేకుని దగ్గరగా కొడితే లాగుడంతా పైకే పోతుంది, మేకుని పెరికేది అదే.

తోటలో ఐదు మీటర్ల దూరంలో రెండు చెట్లు చూసుకున్నాం. సన్నతాడుని నేరుగా మాను చుట్టూ కట్టకూడదు, బెరడుని కోస్తుంది. అంగుళం వెడల్పు పట్టీని మానుకి చుట్టి, దాని ఉచ్చుల్లోంచి వెన్నుతాడు కట్టాలి. ఒక కొసన బోలైన్ ముడి. పశువు మెడకి పలుపు కట్టేటప్పుడు బిగుసుకుపోని ఉచ్చు వేస్తామే, అదే పని చేస్తుంది ఇది. రెండో కొసన ట్రక్కర్ ముడితో (లారీ సరుకు మీద తాడు బిగించే ముడి) లాగి బిగించి, చివర రెండు సగం ముళ్లకి బదులు మూడు వేశాం. నున్నటి తాడుకి ఆ మూడోది ఉండాల్సిందే.

టార్ప్‌ని వెన్నుతాడు మీద పరిచాం, వానలో నీళ్లు నిలవకుండా తాడు బట్టని మోస్తుందని. బట్ట అటూ ఇటూ జరగకుండా రెండు ప్రూసిక్ ఉచ్చులు, అంటే తాడు చుట్టూ చుట్టి, లాగితే పట్టుకుని, వదులు చేస్తే జరిగేవి. 1.3 మిల్లీమీటర్ల తాడు పనికొచ్చేది ఇక్కడే. ప్రూసిక్ తాడు అసలు తాడు కంటే సన్నగా ఉంటేనే పట్టు దొరుకుతుంది. 45 సెంటీమీటర్ల ముక్క రెండు కొసల్నీ డబుల్ ఫిషర్‌మన్ ముడితో కలిపి ఉచ్చు చేసి, వెన్నుతాడు చుట్టూ మూడు చుట్లు వేయాలి. మామూలు తాడుకి రెండు చాలు, డైనీమాకి రెండయితే జారుతుంది. ఉచ్చుని టార్ప్ చెవిలోంచి దూర్చి వేలంత పుల్ల అడ్డం పెడితే ముడి అక్కర్లేదు. వెన్నుతాడు మీద, టార్ప్ అంచుకి కాస్త బయటగా జానెడు నూలుదారం వేలాడగట్టాం. మాను మీదినుంచి తాడు వెంట పాకి వచ్చే నీళ్లు ఆ దారం దగ్గర నేల మీదికి కారిపోతాయి, పడక మీదికి రావు.

మూలల దగ్గర బిగింపు బిళ్ల టార్ప్ వైపు ఉండాలా, మేకు వైపు ఉండాలా అన్నది తెగని వాదన. నేను టార్ప్ వైపే అంటాను. వానలో బయటికి నడవకుండా టార్ప్ కిందినుంచే చెయ్యి చాపి బిగించుకోవచ్చు. మేకు వైపు ఒక బోలైన్ ఉచ్చు చాలు. టార్ప్‌కి లోహపు కన్నాలుంటే వాటికి తాడు కట్టొద్దు, గాలికి అవి బట్టతో సహా ఊడివస్తాయి. కుట్టిన పట్టీ చెవులే నమ్మకం. చెవి తెగిపోతే గోలీ అంత నున్నటి గులకరాయిని బట్ట లోపలినుంచి పెట్టి, బయట మెడ దగ్గర తాడు బిగించండి. కుట్టు కంటే గట్టిగా నిలుస్తుంది.

గాలి దెబ్బకి మూలల్లో కాస్త సాగుడు కావాలి. 3 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ తాడుని జానెడు ఉచ్చుగా చేసి చెవికీ మూలతాడుకీ మధ్య పెడతారు. ఒక్కటే పెడితే గట్టి గాలికి అది పూర్తిగా సాగి టార్ప్ కొట్టుకుంటుంది. దానికి పక్కనే కాస్త వదులుగా మామూలు తాడు ముక్క కూడా కట్టాలి. ఎలాస్టిక్ సగం సాగేసరికి బరువు ఈ తాడు మీదికి వస్తుంది.

నేల దగ్గరే చిక్కంతా వచ్చింది. పైన బెత్తెడు మొరం, దాని కింద పలకరాయి. 15 సెంటీమీటర్ల మేకు పది దిగి ఆగిపోయింది. తలని కొద్దిగా వెనక్కి వాల్చి కొట్టినా పట్టు లేదు. ఇలాంటిచోట రాళ్లే మేకులు. చిన్న రాయికి తాడు కట్టి, దాని ముందు, టార్ప్ వైపు, తాడు మీద తలకాయంత పెద్ద రాయి పెట్టాలి. తాడు లాగినకొద్దీ చిన్న రాయి పెద్దదానికి తన్నుకుని ఆగుతుంది. అయితే గ్రానైటు అంచులో గాజులాంటి పలుగురాయి గింజలుంటాయి. సన్నతాడు అటూ ఇటూ ఊగితే రంపం కింద పెట్టినట్టే. అందుకే రాయి చుట్టూ పారాకార్డ్ ముక్క, ఒక మీటరు పొడవున, ఉచ్చుగా వేసి, సన్నతాడుని ఆ ఉచ్చుకి కట్టాలి. పాడైతే ఆ ముక్కే పాడవుతుంది. మూడు మూలలకి అలాగే చేశాం. నాలుగో మూలకి ముక్కలు అయిపోయాయి.

ఏడు దాటాక పడమర గాలి ఆగిపోయి, చల్లటి విసురు ఒక్కసారిగా తూర్పు నుంచి వచ్చింది. ఉరుముల మబ్బు కింద గాలి అలాగే దిశ మారుతుంది, కాబట్టి గాలి వచ్చే వైపే కట్టి ఊరుకుంటే చాలదు. అరగంట వాన కురిసింది. నైలాన్ బట్ట తడిసి వదులై, వాలు మధ్య గుంట పడింది. టార్ప్ కిందినుంచే బిళ్లలు రెండేసి వేళ్ల మేర లాగితే మళ్లీ బిర్రయింది. ఒక్క మూల మాత్రం లాగిన ప్రతిసారీ జారిపోయింది. 1.3 మిల్లీమీటర్ల తాడు కట్టిన మూల. బిళ్ల పళ్లకి అది అందడమే లేదు. టార్చి వెలుగులో బిళ్ల వెనక తాడుకి జారుముడి వేసి ఆపాం. బిళ్ల పని ముడి చేసింది గానీ, ఆ మూలని ఇక బిగించే వీల్లేదు.

తెల్లారి విప్పేటప్పుడు ప్రతి తాడునీ వేళ్ల మధ్యనుంచి లాగి తడిమి చూశాం. మూడు మూలల్లో పారాకార్డ్ ఉచ్చుల మీద నూగు లేచింది, సన్నతాళ్లకి ఏమీ కాలేదు. నాలుగో మూలలో, రాయి అంచు తగిలినచోట పాలిస్టర్ తొడుగు చిట్లి తెల్లటి డైనీమా పోగులు బయటికొచ్చాయి. ఇలాంటి చోట ముడి వేసి వాడుకోకూడదు, అక్కడికి కోసేయాలి. కోశాక లోపలి పోగుల్ని అర సెంటీమీటరు కత్తిరించి, తొడుగుని ముందుకి లాగి, లైటరుతో తొడుగునే కరిగించి మూయాలి. డైనీమా పాలిస్టర్ కంటే ముందే కరుగుతుంది కాబట్టి రెండూ కలిపి కాల్చితే కొస ఉండగట్టి ఊడిపోతుంది.

తాళ్లని ఉండలా చుట్టకండి, ప్రతి చుట్టుకీ ఒక పురి పడుతుంది. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, చివరి జానెడుతో నడుముకి బిగిస్తే లాగగానే విడివడుతుంది. తడితాళ్లు వేరే సంచిలో పెట్టి, ఇంటికొచ్చాక నీడలో ఆరేశాం. కోసిన తాడు కొలిస్తే 1.9 మీటర్లు వచ్చింది. మూల ఎత్తు మీటరుకి దించితే 45 డిగ్రీలకి అదే సరిపోతుంది. సంచిలో ఈసారి పారాకార్డ్ ముక్కలు ఆరు పెట్టాం.