లాగడం తగ్గిందన్న మాటను ఎంతవరకు నమ్మాలి

మత్తుమందు మానిన మనిషిని ‘ఇప్పుడు ఎంత లాగుతోంది?’ అని అడిగి, సున్నా నుంచి వంద వరకు గీసిన గీత మీద గుర్తు పెట్టమనడం పరిశోధకులకు పాత అలవాటు. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా వైద్యులు వాడే కరదీపిక డీఎస్‌ఎం-5, 2013లో వచ్చినప్పుడు, ఈ తహతహను వ్యసన నిర్ధారణ లక్షణాల్లో చేర్చింది. చదివేకొద్దీ మాత్రం, ఆ గుర్తు మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువును దాని మీద పెడుతున్నామని నాకనిపిస్తోంది. రోగి అబద్ధమాడతాడని నా అభిప్రాయం కాదు; తనకు తెలిసినంతవరకు నిజమే చెబుతాడు.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్‌లో, వ్యసనపరుల కోసం 1935లో ప్రభుత్వం తెరిచిన ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏబ్రహాం విక్లర్ ఈ తిరకాసును దగ్గరగా చూశాడు. మార్ఫిన్, హెరాయిన్ వంటివి మానేసి నెలలు గడిచి, ఒంట్లో మందు ఆనవాలే లేని రోగులు నలుగురితో కూర్చుని వాటి గురించి మాట్లాడుకుంటూ ఉంటే, వారికి ఆవులింతలు వచ్చేవి, ముక్కు కారేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. మందు ఆపిన తొలి రోజుల బాధలే కేవలం మాటలకు మళ్లీ తలెత్తేవన్నమాట. మందుతో ముడిపడిన పరిసరాలకు శరీరం ఇలా అలవాటుపడిపోవడమే మళ్లీ మొదలుపెట్టడానికి ఒక కారణమని ఆయన వాదించాడు.

కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని మనం అనుకుంటాం. 2001లో జెఫ్ గ్రిమ్, యావిన్ షహమ్ తదితరులు ప్రచురించిన ఎలుకల ప్రయోగం ఇందుకు అడ్డం తిరిగింది. మీట నొక్కితే కొకైన్ అందేది, దానితోపాటు ఒక శబ్దం, ఒక వెలుగు వచ్చేవి. తర్వాత కొకైన్ ఆపేసి, వేర్వేరు వ్యవధుల తర్వాత ఆ శబ్దం, వెలుగు మాత్రమే ఇచ్చి చూస్తే, రెండు నెలల వరకు ఎడం పెరిగినకొద్దీ ఎలుకలు మీటను మరింత ఎక్కువగా నొక్కాయి.

మనుషుల్లో? కొకైన్ వ్యసనపరుల మీద 2016లో వెలువడిన ఒక అధ్యయనం మానేసి రెండు రోజులైనవారి నుంచి ఏడాదైనవారి వరకు పరీక్షించింది. మానేసిన కాలం పెరిగినకొద్దీ, వారు నోటితో చెప్పిన తహతహ తగ్గుతూ వచ్చింది. కొకైన్ బొమ్మలు చూపినప్పుడు ఈఈజీలో (తలకు తీగలు అతికించి మెదడు విద్యుత్ సంకేతాలను కొలిచే పరీక్షలో) నమోదైన మెదడు స్పందన మాత్రం ఒకటి నుంచి ఆరు నెలల మధ్యకాలంలో హెచ్చుగా ఉంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది నోటి మాటకూ మెదడు స్పందనకూ మధ్య ఉన్న ఈ తేడాయే.

చికిత్స ముగించి నెల తిరగ్గానే ‘ఇప్పుడేమీ అనిపించడం లేదు’ అని నమ్మకంగా ఇల్లు చేరే మనిషి, పాత స్నేహితులు, పాత సందు ఎదురయ్యే సమయం సరిగ్గా ఇదే. హెరాయిన్ వంటి వాటి విషయంలో ప్రమాదం రెట్టింపవుతుంది. మానేసిన కాలంలో శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, ఒకప్పటి మోతాదే ప్రాణం తీయవచ్చు. హెరాయిన్ వంటి వాటి తహతహను అదుపులో ఉంచే బ్యూప్రెనార్ఫిన్ వంటి మందును నెలల తరబడి, అవసరమైతే ఏళ్ల తరబడి కొనసాగించమని వైద్యులు చెప్పడం వెనక ఈ లెక్క కూడా ఉంది. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది’ అంటూ దాన్ని తొందరపడి మాన్పించే ఇంటివాళ్లకు ఈ సంగతి రోగిని ఇంటికి పంపే రోజునే విడమరచి చెప్పాలి.