పైపులు కడిగే పని

మా వీధిలో అందరూ నన్ను ప్లంబర్ అనుకుంటారు. నేనూ సరే అని ఊరుకుంటాను. వారానికి రెండుసార్లు అనంతపురం నుంచి బెంగళూరు పోయి పబ్బుల్లో డ్రాఫ్ట్ బీరు లైన్లు, అంటే పీపాలోంచి కుళాయికి బీరు వచ్చే పైపులు, కడిగి వస్తానని ఎంతమందికి చెప్పేది!

నిన్న ఒక ఓనరు మొహం మీదే అడిగాడు, "మొన్ననే కదా కడిగింది, మళ్లీ బిల్లెందుకు?" అని. ఆ మొన్న నెలన్నర కిందటిది. ఏం మాట్లాడకుండా కుళాయి విప్పి లోపల వేలు తిప్పి చూపించాను. బావి మెట్ల మీది పాచిలా జిగట, పైగా పుల్లటి వాసన. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

14 రోజులకోసారి 2 శాతం కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు కనీసం 15 నిమిషాలు లైన్లో తిప్పాలి. తర్వాత, కాస్టిక్ మిగిలి ఉంటే రంగు మారి చూపించే పీహెచ్ పేపర్, మామూలు నీళ్లలో ముంచితే వచ్చే రంగుకే వచ్చేదాకా మంచినీళ్లతో కడగాలి. నాకు టెన్షన్ అంతా అక్కడే. కాస్టిక్ కొంచెం మిగిలినా తాగినవాడి గొంతు మండిపోతుంది.

రాత్రి కొడికొండ చెక్‌పోస్ట్ దాటాక ఫోన్‌లో అమ్మకు ఇదంతా చెప్పాను. "మజ్జిగ కుండ తోమకపోతే పులిసిపోదా నాయనా, ఆమాత్రం తెలీదా ఆయనకు?" అంది.

డబ్బులు మాత్రం సోమవారం ఇస్తానన్నాడు. ఏ సోమవారమో చెప్పలేదు.